చెంచా అంచు

నాన్నకి వడదెబ్బ తగిలింది.
చోంగ్‌చింగ్‌లో జూలై అంటే
గాలి కూడా మెట్లెక్కలేక మధ్యలో కూలబడే నెల.
రేవు నుంచి బజారు దాకా నూట ఎనభై మెట్లు.
అరవై మూడేళ్ళ థాన్ షిగ్వే
కావడి భుజాన వేసుకుని
ఎవరిదో వాషింగ్ మెషీన్ని పదో మలుపు దాకా మోసి
అక్కడే కూర్చుండిపోయాడట.
ఇంటి దగ్గర దింపి వెళ్తూ పొట్టి లుయో అన్నాడు:
"వీపు గీకమ్మా. లోపలి వేడి బయటికి రావాలి."

నేను మందుల షాపులో పనిచేస్తాను.
చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి,
అంతే, నాకు తెలుసు.
ఉప్పూ చక్కెరా కలిసిన పొట్లం తెచ్చాను.
తాగాడు.
తాగి, చొక్కా విప్పి,
స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు.
ఆ వీపుకి మా షాపు భాష రాదు.

సొరుగు అడుగున దొరికింది
పింగాణీ సూపు చెంచా,
నీలి చేప బొమ్మ తోక దాకా అరిగిపోయినది.
అమ్మది.
ఆరేళ్ళ కిందట వాన్‌జౌ వెళ్ళిపోతూ
ఆవిరి గిన్నెల మూతలతో సహా సర్దుకున్న మనిషి
దీన్ని మరిచిపోయిందనే అనుకున్నాను
ఇన్నాళ్ళూ.

ఆవనూనె పోశాను.
ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.
తండ్రి వీపు, పక్కగదిలోనే ఉన్నా
నేనెప్పుడూ వెళ్ళని ఊరు.
అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ నొక్కి, మంచం మీద పెట్టాను.
చేతులకి నూనె కదా,
అంతకు మించి కారణమేమీ లేదు.

"ముందు ఆ ఫ్యాను ఆపు," అంది,
ఎవరికి అని అడగలేదు.
"మెడ మొదలు నుంచి కిందికి. ఒకే దిక్కుకి.
పైకీ కిందికీ రుద్దావంటే
అది గిన్నె తోమడమే."

గీకాను.
ఏడో గీతకి, ఎండకి మాడిన తోలు కింద
ఎర్రటి రవ్వ తేలింది.
మేము దాన్ని షా అంటాం.
ఇసుకనీ అలాగే పిలుస్తాం.
ఇరవై ఏళ్ళు ఈ వీపు
నది ఒడ్డు నుంచి ఎవరెవరి మేడలకో ఇసుక మోసింది.
అంతా అక్కడ దించి రాలేదన్నమాట.

"ఏం రంగు?"
"వంకాయ."
"చల్లటి బీరు తాగుంటాడు. చెప్తే వింటేనా."
స్టూలు మీంచి జవాబు లేదు.
చెవులు మాత్రం, నేనింకా అంత పైకి గీకలేదు,
ఎర్రబడ్డాయి.

"ఎడమ భుజం మీద కాయ కాసి ఉంటుంది.
దాని జోలికి పోకు.
దాని పక్కన ఒక పల్లం. అసలుది అక్కడుంది."

ఉంది.
చెంచా కొలిచి తవ్వినట్టున్న పల్లం.
అంచు తగలగానే
ఫ్రిజ్జులు మోసినా మూలగని మనిషి
"ఆఁ" అన్నాడు.

ఫోన్ మాట్లాడ్డం ఆపేసింది.
అటు కొట్టులో నూడుల్స్ కాగు తుకతుకమంటోంది,
రెండు గిన్నెలు, కారం ఎక్కువ అని ఎవరో కేకేశారు,
మళ్ళీ కేకేశారు.
ఆవిడ కదల్లేదు.
"అక్కడే," అంది చివరికి.
"అక్కడ కొంచెం మెల్లిగా."

అది నాతో అన్నట్టు లేదు.
చెంచా పైకెత్తి పట్టుకుని
కాసేపు ఊరికే నిలబడ్డాను.

"గోరువెచ్చటి నీళ్ళు తాగించు. ఇవాళ స్నానం వద్దు."
పెట్టేసింది.

మచ్చలు నాలుగు రోజులుంటాయి.
వంకాయ రంగు, ఆపైన పచ్చన, ఆపైన
మామూలు వీపు.
రాత్రికి జ్వరం దిగింది,
పొట్లం వల్లో చెంచా వల్లో, నేను వాదించను.

చెంచా కడిగి సొరుగు లాగబోతే
ఒక గుండీ మరో కాజాలో పెట్టుకుంటూ నాన్న అన్నాడు:
"అడుగున పడెయ్యకు.
చాప్‌స్టిక్కుల పక్కన ఉంచు.
ఆగస్టు ఇంకా అలాగే ఉందిగా."